పెట్రోలు బండా? కరెంటు బండా?



మన సోమందేపల్లె పెద్ద రోడ్డు మీద ఉంది. హైదరాబాదు నుంచి బెంగళూరుకు పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఇది. పొద్దున లేస్తే ఎన్నో బండ్లు పోతుంటాయి. వాటి నంబరు పలకలు ఎప్పుడైనా చదివారా? చదవడం నేర్చుకున్నాం కదా, ఈసారి చూడండి.

తెల్ల పలక మీద నల్ల అక్షరాలు ఉంటే అది సొంత బండి.
పసుపు పలక మీద నల్ల అక్షరాలు ఉంటే అది బాడుగ బండి.
ఆకుపచ్చ పలక ఉంటే అది కరెంటు బండి. దాని మీద తెల్ల అక్షరాలు ఉంటే సొంతానిది. పసుపు అక్షరాలు ఉంటే బాడుగది.

ఆకుపచ్చ పలకలు ఏటేటా పెరుగుతున్నాయి. కార్లే కాదు, ఆటోలు, స్కూటర్లు కూడా కరెంటువి వచ్చాయి. సంఘంలో ఒకామె అంటుంది, "మా ఆయన కరెంటు ఆటో కొందామంటున్నాడు. సంఘంలో అప్పు తీయమంటున్నాడు." ఇంకొకామె అంటుంది, "వద్దే, దారిలో ఆగిపోతే ఏం చేస్తావు?"

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అప్పు చిన్నది కాదు. వానలు లేక బుడ్డల పంట పోయినా నెల కంతు ఆగదు. అందుకే సంతకం పెట్టే ముందు సంగతంతా తెలుసుకుందాం.

మన పక్కనే కార్ల ఫ్యాక్టరీ

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ ఉంది. కియా కొరియా దేశపు కంపెనీ. ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టడానికి 2017లో ప్రభుత్వంతో ఒప్పందం అయింది. 2019లో ఇక్కడి నుంచి మొదటి రకం కారు అమ్మకానికి వచ్చింది. 2023లో పది లక్షలవ కారు బయటకు వచ్చింది.

మొదట ఇక్కడ పెట్రోలు, డీజిలు కార్లే చేశారు. 2025 జులైలో కరెంటు కారు కూడా వచ్చింది. దాని పేరు కారెన్స్ క్లావిస్ ఈవీ. ఈవీ అంటే కరెంటుతో నడిచే బండి. ఇదే పేరుతో పెట్రోలు కారు కూడా ఉంది. ఒకే ఫ్యాక్టరీ, ఒకే పేరు, రెండు రకాలు. కాబట్టి తేడా తెలుసుకోవడానికి ఇవి మంచి ఉదాహరణ.

లోపల ఏముంది?

మన పెద్దల కాలంలో బావుల కాడ ఆయిల్ ఇంజన్లు ఉండేవి. హ్యాండిల్ తిప్పితే డగడగమని మొదలయ్యేవి. నల్ల పొగ వచ్చేది. డీజిలు పోయాలి, ఆయిల్ మార్చాలి. తర్వాత కరెంటు మోటార్లు వచ్చాయి. స్విచ్ వేస్తే చాలు, నీళ్లు వస్తాయి. పొగ లేదు. కానీ కరెంటు లేకపోతే చుక్క రాదు.

పెట్రోలు కారు ఆ ఆయిల్ ఇంజన్ లాంటిది. ఇంజన్ లోపల పెట్రోలు మండుతుంది. ఆ మంట బలంతో చక్రాలు తిరుగుతాయి. పొగ సైలెన్సర్ గుండా బయటకు పోతుంది.

కరెంటు కారు మోటారు లాంటిది. కారు అడుగున పెద్ద బ్యాటరీ ఉంటుంది. దాన్ని ఛార్జి చేస్తే కరెంటు నిల్వ అవుతుంది. ఆ కరెంటుతో మోటారు తిరుగుతుంది. మోటారు చక్రాలను తిప్పుతుంది. సెల్‌ఫోన్ ఎట్లా ఛార్జి చేస్తామో కారును కూడా అట్లాగే ఛార్జి చేయాలి.

బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుంది? కరెంటు బిల్లులో 'యూనిట్లు' అని ఉంటుంది కదా, అదే కొలత. కారెన్స్ క్లావిస్ ఈవీ పెద్ద బ్యాటరీలో 51 యూనిట్ల పైన పడుతుంది. రెండు బల్బులు, ఒక ఫ్యాను, ఒక టీవీ ఉన్న చిన్న ఇంటికి ఇంచుమించు ఒక నెల వాడకం అది.

చూపుకు తేడా

రెండు కార్లూ పక్కపక్కన నిలబెడితే గుర్తు పట్టవచ్చు. ముందుగా ముఖం చూడండి.

పెట్రోలు ఇంజన్ బాగా వేడెక్కుతుంది. చల్లబడడానికి గాలి కావాలి. అందుకే పెట్రోలు కారు ముందు జల్లెడ లాంటి జాలీ ఉంటుంది. కరెంటు మోటారుకు అంత వేడి ఉండదు. అందుకే చాలా కరెంటు కార్లకు జాలీ ఉండదు. ముఖం నున్నగా మూసి ఉంటుంది. కింద చిన్న సందులు మాత్రం ఉంటాయి. కొన్ని కార్లకు ఛార్జి పెట్టే మూత కూడా ముందే ఉంటుంది.

వెనక్కి పోయి చూడండి. కరెంటు కారుకు పొగ గొట్టం ఉండదు.

లోపల కూర్చుని చూడండి. మార్చడానికి గేర్లు ఉండవు. కాలి కింద క్లచ్ ఉండదు. యాక్సిలరేటరు, బ్రేకు రెండే ఉంటాయి. చాలా కార్లలో కాళ్ల కింద నేల చదునుగా ఉంటుంది. కొన్నిటిలో ముందు మూత ఎత్తితే చిన్న సంచి పెట్టుకునే చోటు కూడా ఉంటుంది.

కరెంటు కారు నున్నగా ఉండేది అందం కోసమే కాదు. గాలిని సులభంగా చీల్చుకుని పోయే కారుకు కరెంటు తక్కువ ఖర్చవుతుంది. ఒక్క ఛార్జితో ఎక్కువ దూరం పోతుంది.

ఆడవాళ్లు, కార్లు: కొంచెం పాత కథ

కరెంటు కారు నిన్నమొన్న పుట్టింది కాదు. నూరేండ్ల కిందనే ఉండేది. ఈ కథలో ఇద్దరు ఆడవాళ్లను చెప్పుకోవాలి.

మొదటామె బెర్తా బెంజ్. జర్మనీ దేశం. ఆమె భర్త కార్ల్ బెంజ్ పెట్రోలు కారు తయారు చేశాడు. జనం నమ్మలేదు. 1888 ఆగస్టులో బెర్తా ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని ఆ కారులో పుట్టింటి ఊరికి బయలుదేరింది. నూరు కిలోమీటర్ల పైన దూరం. అప్పుడు పెట్రోలు బంకులు లేవు. దారిలో మందుల షాపులో ఇంధనం కొని పోసింది. గొట్టంలో అడ్డు పడితే టోపీ పిన్నుతో తీసింది. ఊరు చేరింది. అప్పుడు లోకం నమ్మింది.

రెండో ఆమె క్లారా ఫోర్డ్. అమెరికా దేశం. ఆమె భర్త హెన్రీ ఫోర్డ్ లక్షలాది పెట్రోలు కార్లు తయారు చేసి అమ్మిన పెద్ద పారిశ్రామికవేత్త. కానీ క్లారా నడిపింది మాత్రం వేరే కంపెనీ కరెంటు కారు! ఎందుకు? ఆ కాలపు పెట్రోలు కారును ముందు హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పాలి. అది ఎదురు కొడితే చేయి విరిగేది. పొగ, చప్పుడు, వాసన. కరెంటు కారుకు ఆ బాధ లేదు.

మరి అప్పుడు కరెంటు కార్లు ఎందుకు పోయాయి? 1912లో అమెరికాలో మీట నొక్కితే స్టార్ట్ అయ్యే పెట్రోలు కారు వచ్చింది. పెట్రోలు కార్ల ధర బాగా తగ్గింది. దూరం పోవడానికి పెట్రోలే మేలయింది. కరెంటు కారు దూరం పోలేదు, ధర ఎక్కువ. అందుకే వెనకబడింది.

ఈ రెండు మాటలు గుర్తుంచుకోండి. ఒకటి ధర, రెండు దూరం. ఈరోజు కూడా ఈ రెండే చూడాలి.

మన దేశంలో చూస్తే, బెంగళూరులో 2001లో రేవా అనే చిన్న కరెంటు కారు అమ్మకానికి వచ్చింది. అది కూడా దూరం పోలేదు. ఇప్పటి బ్యాటరీలు లిథియం అనే లోహంతో చేసినవి. బరువు తక్కువ, నిల్వ ఎక్కువ. అందుకే కరెంటు కారు మళ్లీ రోడ్డెక్కింది.

కరెంటు బండితో లాభాలు

1. రోజు ఖర్చు తక్కువ. పెట్రోలు కంటే కరెంటు చవక.

2. రిపేర్లు తక్కువ. ఇంజన్ ఆయిల్ మార్చే పని లేదు. క్లచ్, సైలెన్సర్, ప్లగ్గులు లేవు. తిరిగే భాగాలు తక్కువ కాబట్టి అరుగుదల తక్కువ.

3. పొగ లేదు. బడి ముందు, ఆసుపత్రి ముందు, ఇంటి ముందు పొగ వదలదు.

4. నడపడం సులభం. గేర్లు లేవు కాబట్టి ఆడవాళ్లు తొందరగా నేర్చుకోవచ్చు.

5. దిగుడులో బ్రేకు వేసినప్పుడు మోటారు తిరగబడి కొంత కరెంటు తయారు చేస్తుంది. అది మళ్లీ బ్యాటరీలోకి పోతుంది. పెట్రోలు కారులో ఆ బలం వేడిగా మారి వృథా అవుతుంది.

6. పన్ను తక్కువ. కరెంటు బండికి జీఎస్టీ 5 శాతం. 2025 సెప్టెంబరు నుంచి చిన్న పెట్రోలు కారుకు 18 శాతం, పెద్ద కారుకు 40 శాతం.

7. దేశానికి మేలు. మన దేశం వాడే ముడి చమురులో నూటికి 85 పాళ్లకు పైగా బయటి దేశాల నుంచి కొంటున్నదే.

కరెంటు బండితో నష్టాలు

1. కొనే ధర ఎక్కువ. 2025లో వచ్చినప్పుడు కారెన్స్ క్లావిస్ పెట్రోలు కారు ధర సుమారు పదకొండున్నర లక్షలతో మొదలైంది. కరెంటు కారు ధర సుమారు 18 లక్షలతో మొదలైంది. ఎందుకింత తేడా? బ్యాటరీ ఖరీదైనది.

2. ఛార్జి చేయడానికి సమయం పడుతుంది. పెట్రోలు అయిదు నిమిషాల్లో పోయించుకోవచ్చు. ఇంటి 15 ఆంపియర్ల ప్లగ్గు గంటకు సుమారు 3 యూనిట్లు ఇస్తుంది. 51 యూనిట్ల బ్యాటరీ నిండాలంటే 17 గంటలు కావాలి. గోడకు బిగించే పెద్ద ఛార్జరు ఉంటే ఒక రాత్రి చాలు. రోడ్డు పక్కన ఉండే ఫాస్ట్ ఛార్జరు దగ్గర గంటలోపే చాలా భాగం నిండుతుంది. కానీ అక్కడ యూనిట్ ధర ఇంటి కంటే ఎక్కువ.

3. చెప్పినంత దూరం రాదు. కారెన్స్ క్లావిస్ ఈవీ పెద్ద బ్యాటరీకి 490 కిలోమీటర్లు అని కంపెనీ పరీక్ష లెక్క. రోడ్డు మీద అంత రాదు. ఏసీ వేస్తే తగ్గుతుంది. వేగం పెంచితే తగ్గుతుంది. బరువు ఎక్కిస్తే తగ్గుతుంది. పెట్రోలు కారు మైలేజీ కూడా అంతే.

4. బ్యాటరీ ఏటేటా కొంచెం బలం కోల్పోతుంది. ఎండ వేడి దానికి మంచిది కాదు. మన ఎండలు మనకు తెలిసినవే. కార్ల బ్యాటరీలకు చాలా కంపెనీలు 8 ఏండ్ల వారంటీ ఇస్తాయి. ఆ తర్వాత మార్చాల్సి వస్తే పెద్ద ఖర్చు.

5. ఊరి మెకానిక్ అన్ని రిపేర్లూ చేయలేడు. కొన్నిటికి కంపెనీ సర్వీసు సెంటరుకే పోవాలి.

6. చప్పుడు తక్కువ. మెల్లగా వచ్చే కరెంటు బండి వెనక నుంచి వస్తే తెలియదు. గొర్రెలు తోలేవాళ్లు, పిల్లలు రోడ్డు దాటేటప్పుడు చెవిని నమ్ముకోకూడదు. కంటితో చూడాలి.

పొగ నిజంగా పోయిందా?

కరెంటు బండి పొగ వదలదు. కానీ కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది? కడప జిల్లాలోని రాయలసీమ థర్మల్ కేంద్రంలో బొగ్గు కాల్చి కరెంటు తీస్తారు. అక్కడ పొగ వస్తుంది. అంటే కొంత పొగ మన వీధి నుంచి తప్పి అక్కడికి పోయింది. అయినా లెక్కేస్తే, ఒక బండి జీవితకాలంలో కరెంటు బండి వల్ల వచ్చే మొత్తం పొగ తక్కువే.

ఎండతో, గాలితో తీసే కరెంటుకు పొగ ఉండదు. అవి మన జిల్లాలోనే ఉన్నాయి. రామగిరి గుట్టల మీద గాలిమరలు ఉన్నాయి. ఎన్.పి.కుంటలో పెద్ద సోలార్ పార్కు ఉంది. ఇట్లాంటి కరెంటు పెరిగే కొద్దీ కరెంటు బండి మరింత శుభ్రం అవుతుంది.

ఇంకొక సంగతి. బ్యాటరీలో వాడే లిథియం కొంత చిలీ దేశంలోని అటకామా ఎడారి నుంచి వస్తుంది. అక్కడ భూమి లోపలి ఉప్పునీటిని తోడి, పెద్ద మడుగుల్లో ఎండబెట్టి లిథియం తీస్తారు. ఆ ఎడారి మన సీమ కంటే ఎండు ప్రాంతం. తమ నీళ్లు తగ్గిపోతున్నాయని అక్కడి పల్లెజనం ఆందోళన చెందుతున్నారు. బోరు ఎండితే ఎట్లుంటుందో మనకు ఒకరు చెప్పాలా? ఏ బండీ ఉత్త పుణ్యానికి రాదు. ఎక్కడో ఒకచోట దాని భారం పడుతుంది. అందుకే అవసరమైన బండినే కొనాలి.

లెక్క చేద్దాం

పలకా బలపం తీయండి. ముందు కారు లెక్క. ధరలు మారుతుంటాయి కాబట్టి ఇవి అనుకున్న అంకెలు.

పెట్రోలు లీటరు 110 రూపాయలు అనుకుందాం.
100 కిలోమీటర్లకు 7 లీటర్లు.
7 × 110 = 770 రూపాయలు.

ఇంటి కరెంటు యూనిట్ 8 రూపాయలు అనుకుందాం.
100 కిలోమీటర్లకు 15 యూనిట్లు.
15 × 8 = 120 రూపాయలు.

మిగులు: 770 – 120 = 650 రూపాయలు.

కొనేటప్పుడు ఎక్కువ పెట్టింది ఆరున్నర లక్షలు. 100 కిలోమీటర్లకు 650 చొప్పున అది తిరిగి రావాలంటే కారు లక్ష కిలోమీటర్లు తిరగాలి.

రోజుకు 100 కిలోమీటర్లు తిరిగే బాడుగ కారుకు వెయ్యి రోజులు. మూడేండ్లు కూడా పట్టదు.
రోజుకు 20 కిలోమీటర్లు తిరిగే సొంత కారుకు 5 వేల రోజులు. పదమూడేండ్లు దాటుతుంది!

ఇప్పుడు ఆటో లెక్క. ఇది మనకు దగ్గరి లెక్క.

డీజిలు లీటరు 100 రూపాయలు అనుకుందాం. లీటరుకు 30 కిలోమీటర్లు. రోజుకు 90 కిలోమీటర్లు తిరిగితే 3 లీటర్లు, అంటే 300 రూపాయలు.

కరెంటు ఆటో యూనిట్‌కు 10 కిలోమీటర్లు అనుకుందాం. 90 కిలోమీటర్లకు 9 యూనిట్లు. 9 × 8 = 72 రూపాయలు.

రోజుకు మిగులు 228 రూపాయలు. నెలకు 25 రోజులు తిరిగితే 5,700 రూపాయలు.

కరెంటు ఆటోకు 80 వేలు ఎక్కువ పెట్టారనుకుందాం. 14 నెలల్లో ఆ 80 వేలు తిరిగి వస్తాయి. ఆ తర్వాత మిగిలేదంతా ఇంటికే.

అదే ఆటో రోజుకు 30 కిలోమీటర్లే తిరిగితే? రోజుకు మిగులు 76 రూపాయలు. 80 వేలు తిరిగి రావడానికి 42 నెలలు, అంటే మూడున్నర ఏండ్లు. ఆలోపు వడ్డీ పెరుగుతుంది, బ్యాటరీ పాతబడుతుంది.

చూశారా అక్కా! బండి ఒకటే, కరెంటు ఒకటే. తేడా తిరుగుడులో ఉంది. పెట్రోలు బండి దుడ్లు రోజూ కొంచెం కొంచెం తింటుంది. కరెంటు బండి కొన్న రోజే ఎక్కువ తింటుంది. అందుకే కరెంటు బండి తిరిగితేనే లాభం. ఇంటి ముందు నిలబడితే నష్టం.

పట్టుగూళ్లు హిందూపురం మార్కెట్టుకు తోలే ఆటో, బడిపిల్లలను ఎక్కించే ఆటో, పెనుకొండకు ట్రిప్పులు కొట్టే ఆటో రోజూ తిరుగుతాయి. పోయే దారి తెలుసు, రాత్రికి ఇల్లు చేరతాయి. వాటికి కరెంటు బండి సరిపోతుంది. ఎప్పుడు ఏ ఊరికి పోవాల్సి వస్తుందో తెలియని బండికి, పెళ్లిళ్లకు, తీర్థాలకు దూరం పోయే బండికి ఇప్పటికి పెట్రోలో, డీజిలో మేలు.

ఛార్జి చేసేటప్పుడు జాగ్రత్త

2022 ఏప్రిల్‌లో విజయవాడలోనూ, నిజామాబాదులోనూ ఇండ్లలో కరెంటు స్కూటర్ల బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. ఆ తర్వాత కేంద్ర ప్రభుత్వం బ్యాటరీ పరీక్షలను గట్టి చేసింది. 2022 డిసెంబరు నుంచి కొత్త నియమాలు మొదలయ్యాయి. పెట్రోలు బండ్లు కూడా కాలిపోతాయి. భయపడి మానాల్సిన పని లేదు. జాగ్రత్త మాత్రం తప్పదు.

• పడుకునే గదిలో ఛార్జి పెట్టవద్దు.
• వాకిలికి అడ్డంగా బండి పెట్టి ఛార్జి చేయవద్దు. మంట లేస్తే బయటపడే దారి ఉండాలి.
• బండితో ఇచ్చిన ఛార్జరే వాడాలి.
• ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గు ఉండాలి. పాత వైర్లు, అతుకుల వైర్లు వాడవద్దు.
• ఎండలో తిరిగి వచ్చిన వెంటనే ఛార్జి పెట్టవద్దు. బ్యాటరీ చల్లారనివ్వాలి.
• బ్యాటరీ ఉబ్బినా, వాసన వచ్చినా వాడడం ఆపాలి.
• పాత బ్యాటరీని దిబ్బలో వేయవద్దు. 2022 నియమాల ప్రకారం పాత బ్యాటరీలు వెనక్కి తీసుకునే బాధ్యత తయారు చేసినవాళ్లదే.

సంతకం పెట్టే ముందు అడగండి

1. బ్యాటరీకి వారంటీ ఎన్నేండ్లు? కాగితం మీద రాసి ఉందా?
2. కొత్త బ్యాటరీ ధర ఎంత?
3. దగ్గరి సర్వీసు సెంటరు ఎక్కడ?
4. ఈరోజు ప్రభుత్వ సబ్సిడీ ఏమైనా ఉందా? అది ధరలో తగ్గించారా?
5. మన ఇంటి మీటరు ఆ బరువు మోస్తుందా? వాడకం పెరిగితే స్లాబు మారి బిల్లు ఎంత వస్తుంది?
6. బండి ఎవరి పేరు మీద రాస్తారు?

ఆరో ప్రశ్న మరవవద్దు. అప్పు ఆడమనిషి పేరు మీద తీసినప్పుడు బండి కూడా ఆమె పేరు మీద ఉండాలని అడగడం న్యాయమే.

చర్చించండి

• మీ ఊరి ఆటోలు రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతాయి? ఒక ఆటో అతన్ని అడిగి వారం రోజులు రాయండి.
• మీ ఇంటి పోయిన నెల కరెంటు బిల్లు తీసి యూనిట్లు ఎన్నో చదవండి.
• పైన చేసిన లెక్కను మీ అంకెలతో మళ్లీ చేయండి. ఎన్ని నెలలు వచ్చింది? అప్పు కంతులు అంతకు ముందే తీరుతాయా, తర్వాతనా?